రెండు కెమెరాలు, ఒక మధుపర్కం

పెళ్లి ఫొటోల్లో రంగుల తేడా విడివిడిగా చూస్తే తెలియదు. ఆల్బమ్‌లో ఒకే పేజీ మీద రెండు ఫొటోలు పక్కపక్కన పడినప్పుడు బయటపడుతుంది. ఇప్పుడు మన పెళ్లిళ్లకి కనీసం ఇద్దరు ఫొటోగ్రాఫర్లు వస్తున్నారు. మండపానికి ఎదురుగా నిలబడి ప్రతి తంతునీ వరసగా ఫ్లాష్‌తో తీసేది ట్రెడిషనల్ కెమెరా. జనం మధ్యలోంచి, ఉన్న వెలుతురులోనే, ముఖంలో ఒక భావం మెరిసేదాకా కాచుకుని తీసేది క్యాండిడ్ కెమెరా. జీలకర్రబెల్లం పెట్టే ఘడియని ఇద్దరూ తీస్తారు. అవి డిజైనర్ చేతికొచ్చేసరికి పెళ్లికూతురి చీర ఒకదాంట్లో కుంకుమ ఎరుపు, ఇంకోదాంట్లో ఇటుక ఎరుపు. పురోహితుడి పంచె ఒకచోట తెలుపు, ఇంకోచోట వెన్నరంగు. అప్పుడు చాలామంది ఏం చేస్తారంటే, నచ్చిన ఫొటోని ఒక పక్కన పెట్టుకుని, రెండోదాని స్లయిడర్లు అటూ ఇటూ జరుపుతూ, మొత్తమ్మీద మొదటిదానిలా కనిపించేదాకా తంటాలు పడతారు. చీర కలిస్తే చర్మం చెడుతుంది. చర్మం కుదిరితే వెనకున్న పందిరి పాలిపోతుంది. ఈ అధ్యాయం చెప్పేది ఒక్కటే: ఫొటోని ఫొటోతో కలపాలని చూడకండి. రెండింటిలోనూ ఉన్న ఒకే వస్తువుని పట్టుకుని, దాన్ని కలపండి. మిగతా రంగులు చాలావరకు వాటంతటవే దారికొస్తాయి. రానివి ఎందుకు రాలేదో కూడా అప్పుడే తెలుస్తుంది.

ఇది ఎందుకు పనిచేస్తుందో తెలియాలంటే తేడా ఎక్కడ పుడుతోందో చూడాలి. ఫొటోలో ఒక చుక్క ఏ రంగులో ఉందనేది మూడు సంగతుల మీద ఆధారపడుతుంది: ఎలాంటి వెలుతురు పడింది, ఆ వస్తువు అందులో దేన్ని మింగి దేన్ని తిప్పిపంపింది, కెమెరా దాన్ని ఎలా కొలిచి ఎలా వండింది. మూడింటిలో వస్తువు ఒక్కటే రెండు ఫొటోల్లోనూ మారనిది. మండపం మీద వెలిగే పసుప్పచ్చ బల్బులు 3000 కెల్విన్ దరిదాపుల్లో ఉంటాయి, ఫ్లాష్ 5500 దగ్గర. ఆరుబయట నీడపట్టున ఉండే వెలుతురు 7000 కూడా దాటుతుంది. ఈ అంకె పెరిగేకొద్దీ వెలుతురు నీలం వైపు జరుగుతుంది. ఇక కెమెరా లోపలికి వస్తే, ఈనాటి సెన్సర్లలో చాలావాటి మీద ఉండేది కొడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్‌కి 1976లో పేటెంట్ వచ్చిన గళ్ల అమరిక. ప్రతి నాలుగు గళ్లలో రెండింటి మీద ఆకుపచ్చ ఫిల్టర్, ఒకదాని మీద ఎరుపు, ఒకదాని మీద నీలం. అమరిక ఒకటే అయినా ఆ ఫిల్టర్ల రంగు ఏ మోడల్‌కి ఆ మోడల్‌దే. కొలిచిన అంకెల్ని మనం చూసే బొమ్మగా మార్చే వంటకం కూడా కంపెనీ కంపెనీకీ వేరు.

అన్నిటికంటే చిక్కు తెచ్చేది ఆటో వైట్ బ్యాలెన్స్. అది ఫ్రేమ్‌లో పడ్డదాన్ని చూసి వెలుతురు రంగుని ఊహిస్తుంది. దృశ్యంలోని రంగులన్నిటికీ సగటు తీస్తే బూడిదరంగు రావాలి, రాకపోతే ఆ తేడా వెలుతురిదే అని ఒక పాత సూత్రం ఉంది. 1980లో బుక్స్‌బామ్ రాసిన పరిశోధన పత్రంతో దీనికి పేరొచ్చింది. ఇప్పటి కెమెరాలు ఇంతకన్నా తెలివిగా ఆలోచిస్తాయి గానీ ఆ వాసన పూర్తిగా పోలేదు. ఫ్రేమ్ నిండా బంతిపూల దండలుంటే వెలుతురే పసుప్పచ్చగా ఉందనుకుని బొమ్మని నీలం వైపు లాగే ప్రమాదం ఉంది. అదే కెమెరా పక్కకి తిరిగి అరటిపిలకల్నీ మామిడితోరణాన్నీ చూస్తే పచ్చదనం ఎక్కువైందని ఊదా వైపు లాగొచ్చు. ఏ ఎండకా గొడుగు పట్టే ఈ గుణం వల్ల రెండు కెమెరాల మధ్యే కాదు, ఒకే కెమెరాతో ఒకే నిమిషంలో తీసిన రెండు ఫొటోల మధ్య కూడా తేడా వస్తుంది. అందుకే లైట్లు మారనంతసేపు ఇద్దరూ వైట్ బ్యాలెన్స్‌ని ఒకే కెల్విన్ అంకె దగ్గర బిగించి ఉంచడం మంచిది. ఆ అంకె సరైనది కాకపోయినా ఫర్వాలేదు. తప్పు అన్ని ఫొటోల్లో ఒకేలా ఉంటే దిద్దుబాటు కూడా ఒక్కటే సరిపోతుంది.

ఇంతా ఎందుకు, కంటితో చూసి కలపలేమా, ఏళ్ల తరబడి చేస్తున్నవాళ్లకి కన్నే కొలబద్ద కదా అని మొదటి అభ్యంతరం వస్తుంది. అనుభవం ఉన్న కన్ను గొప్పదే. కాకపోతే అది పుట్టింది ఇలాంటి పని కోసం కాదు. వెలుతురు ఎంత మారినా వస్తువు రంగుని ఒకేలా చూపించడం దాని పని. పొలరాయిడ్ సంస్థని స్థాపించిన ఎడ్విన్ లాండ్ రకరకాల రంగుకాగితాలు అతికించిన ఒక పెద్ద పలక మీద మూడు రంగుల దీపాలు వేసి ఈ సంగతి చూపించాడు. ఒక కాగితం నుంచి కంటికి చేరే కాంతిని కొలిచి, దీపాలు సవరించి, వేరే రంగు కాగితం నుంచి కూడా సరిగ్గా అంతే కాంతి వచ్చేలా చేశాడు. అయినా చూసేవాళ్లకి ఆ రెండో కాగితం దాని అసలు రంగులోనే కనబడింది. మెదడు వెలుతురుని తీసేసి వస్తువుని చూస్తోందన్నమాట. బతకడానికి ఇది వరం, ఫొటోలు దిద్దడానికి అడ్డంకి. ఒక పసుపు ఛాయ ఫొటోని పదినిమిషాలు చూస్తూ కూర్చుంటే అదే మామూలుగా అనిపించడం మొదలవుతుంది.

దీనికి తోడు పక్కరంగుల ప్రభావం ఉంది. పారిస్‌లో గోబెలాఁ అనే పేరున్న చిత్రవస్త్రాల కార్ఖానాలో 1824 నుంచి అద్దకం విభాగం చూసిన రసాయన శాస్త్రవేత్త షెవ్రల్‌కి ఒక ఫిర్యాదు వచ్చింది. నీలం, ఊదా రంగుల బట్టలో నీడలకి వాడే నల్లదారం తగినంత నల్లగా లేదని. ఆయన ఆ దారాన్ని వేరేచోట అద్దిన నల్లదారాలతో పోల్చి చూశాడు. అద్దకంలో లోపమేమీ లేదు. పక్కనున్న నీలమే నలుపుని చప్పగా చూపిస్తోంది. దాని మీద ఏళ్ల తరబడి పనిచేసి 1839లో రంగుల ఎదురుబొదురు ప్రభావం గురించి పుస్తకం అచ్చేశాడు. మన పనిలో దీని అర్థం స్పష్టమే. దగ్గరగా తీసిన క్యాండిడ్‌లో పెళ్లికూతురి ముఖం చుట్టూ ఎర్రచీర ఉంటుంది, దూరం నుంచి తీసిన ట్రెడిషనల్‌లో అదే ముఖం చుట్టూ పచ్చని ఆకులుంటాయి. రెండు ముఖాల అంకెలూ ఒకటే అయినా కంటికి వేరుగా కనిపించవచ్చు. వాటిని కంటితో కలిపామంటే అంకెల్లో తేడా పెట్టామన్నమాట. కాబట్టి కన్ను చివరి తీర్పు ఇవ్వాలి, కొలత మాత్రం అంకెలకి వదిలెయ్యాలి. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఏదైనా కర్సర్ పెట్టిన చోట ఎరుపు, ఆకుపచ్చ, నీలం అంకెలు చూపిస్తుంది. ఈ అధ్యాయంలో మీకు కావలసిన పనిముట్టు దాదాపు అదొక్కటే.

ఇప్పుడు ఏ వస్తువుని పట్టుకోవాలన్నది అసలు ప్రశ్న. ఇక్కడ మన పెళ్లి తంతు చాలా సాయం చేస్తుంది. మధుపర్కాలు తెల్లటి నూలు నేత, ఎర్ర అంచు. మెరుపు లేదు, ఏ కోణంలో చూసినా రంగు పెద్దగా మారదు, వధూవరులిద్దరి ఒంటి మీదా ఉంటుంది. జీలకర్రబెల్లం వేళ పట్టే అడ్డుతెర తెల్లగుడ్డ అయితే ఇంకా పెద్దది. పురోహితుడి పంచె ఎలాగూ ఉంది. మధుపర్కం కొంచెం గోధుమ ఛాయలో ఉంటే ఎలాగని కంగారు పడనక్కర్లేదు. రంగుని సరిచెయ్యడం, రంగుని కలపడం వేరువేరు పనులు. సరిచెయ్యడానికి నిఖార్సైన బూడిదరంగు కావాలి, కలపడానికి రెండు ఫొటోల్లోనూ అదే వస్తువైతే చాలు. తెలుపుకి దగ్గరగా ఉండటం ఎందుకు మేలంటే, దాంట్లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడూ పుష్కలంగా ఉంటాయి కాబట్టి మూడింటి తేడానీ ఒకేసారి కొలవొచ్చు. ఎర్రచీర మీద కొలిస్తే నీలం గురించి అది మీకేమీ చెప్పదు.

అలాగని తెల్లగా కనబడే ప్రతిదాన్నీ నమ్మకూడదు. పసుపు అంటని చోటు, మడత నీడ పడని చోటు, పక్కనున్న ఎర్రచీర మెరుపు వాలని చోటు చూసుకోవాలి. ఏ ఒక్క అంకె అయినా 255కి చేరిపోయిందంటే ఆ చుక్క పనికిరాదు. అక్కడ కెమెరా కొలవడం ఆపేసింది, అసలు ఎంత కాంతి వచ్చిందో ఇక ఎవరికీ తెలియదు. పెళ్లికొడుకు కొత్త తెల్లచొక్కా చూడటానికి భేషుగ్గా ఉంటుంది గానీ అది పెద్ద ఉచ్చు. మిల్లు బట్టల్లోనూ డిటర్జెంట్లలోనూ మెరుపు కోసం కలిపే రసాయనాలు కంటికి కనబడని అతినీలలోహిత కాంతిని మింగి నీలంగా వెలిగిస్తాయి. ఎండలో, కొన్ని ఫ్లాష్‌ల కింద ఆ చొక్కా నీలం మెరుపుతో కనబడుతుంది. మామూలు తెల్ల ఎల్‌ఈడీల్లో అతినీలలోహితం దాదాపు ఉండదు కాబట్టి వాటి కింద ఆ మెరుపు ఉండదు. అంటే వెలుతురు మారితే ఆ చొక్కా కూడా మారిపోయినట్టే. బంగారు నగలూ అంతే, అవి తమ రంగుతో పాటు ఎదురుగా ఉన్నదాన్ని కూడా చూపిస్తాయి. అన్నిటికన్నా భద్రం ఫొటోల దుకాణంలో దొరికే గ్రే కార్డు. లైట్లు మారిన ప్రతిసారీ ఇద్దరూ దాన్ని మండపం దగ్గర ఒక్కసారి తీసి పెట్టుకుంటే చాలు. ఆ హడావిడిలో ఎవరికి కుదురుతుందంటారా, నిజమే, అందుకే మధుపర్కం గురించి ఇంత చెప్పవలసి వచ్చింది.

కొలత ఎలా సాగుతుందో ఒక ఉదాహరణ చూద్దాం. మధుపర్కం మీద ఒకే చోటు ట్రెడిషనల్ ఫొటోలో ఎరుపు 201, ఆకుపచ్చ 203, నీలం 206 చూపించిందనుకోండి. క్యాండిడ్‌లో అదే చోటు 214, 190, 148. ఆకుపచ్చ కాస్త తగ్గింది, ఎరుపు కాస్త పెరిగింది, నీలం బాగా పడిపోయింది. పైపైన చూస్తే 148ని 206 చెయ్యడం అంటే 40 శాతం పెంచడంలా ఉంటుంది. కానీ ఈ అంకెలు కాంతి పరిమాణాలు కావు. 1996లో హెచ్‌పీ, మైక్రోసాఫ్ట్ ప్రతిపాదించి, ఇవాళ దాదాపు ప్రతి తెరా పాటిస్తున్న ఎస్‌ఆర్‌జీబీ పద్ధతిలో అంకెలకీ కాంతికీ మధ్య ఒక వంపు ఉంటుంది. అందులో 255కి సగం కాంతి 128 దగ్గర కాదు, 188 దగ్గర ఉంటుంది. గ్రే కార్డు తిప్పిపంపే 18 శాతం కాంతి 118 దగ్గర వస్తుంది. ఆ వంపు విప్పి లెక్క కడితే నీలాన్ని 148 నుంచి 206కి చేర్చడమంటే కాంతిని రెండు రెట్లకి పైగా పెంచడం. అంత పెంచితే నీలంలో దాగి ఉన్న గరుకు అంతా, ఫొటోగ్రాఫర్లు నాయిస్ అనేది, నల్లని జుట్టులో పైకి తేలుతుంది. అందుకే ఒక ఫొటోని పూర్తిగా రెండోదాని దగ్గరికి లాక్కురావడం కంటే రెండింటినీ చెరి కొంత మధ్యకి జరపడం మేలు. క్యాండిడ్‌లో పసుపు కొంత తగ్గించి, ట్రెడిషనల్‌కి కొంత వెచ్చదనం ఇస్తే ఎవరికీ దెబ్బ తగలదు. ఈ పని రా ఫైల్ మీద చెయ్యాలి. కెమెరా వండి వడ్డించిన జేపెగ్‌లో వంపు మీద ఇంకో వంపు పడి ఉంటుంది, పైగా ఒక్కో రంగుకి 256 మెట్లే మిగులుతాయి.

వరస కూడా ముఖ్యమే. ముందు ఎక్స్‌పోజర్, తర్వాత వైట్ బ్యాలెన్స్, ఆ తర్వాత కాంట్రాస్ట్, చివర్న రంగుల గాఢత. చాలామంది గాఢత దగ్గర మొదలుపెడతారు, ఎందుకంటే కంటికి ముందు తగిలేది అదే. కాంట్రాస్ట్ పెంచే వంపు మూడు రంగుల మీదా విడివిడిగా పడే సాఫ్ట్‌వేర్లలో ఎక్కువ ఉన్న అంకె ఇంకా పెరుగుతుంది, తక్కువున్నది ఇంకా తగ్గుతుంది. అంటే గాఢత దానంతటదే పెరిగినట్టు. కాంట్రాస్ట్ కలిపితే గాఢతలో తేడా చాలావరకు తీరిపోతుంది. ముందే గాఢత ముట్టుకున్నవాళ్లు మళ్లీ వెనక్కి రావాల్సి వస్తుంది. కాంట్రాస్ట్ కలిసిందో లేదో చూడటానికి ఒక తెలుపు చాలదు, నల్లటి జుట్టులో బాగా చీకటిగా ఉన్న చోటు కూడా కొలవాలి. రెండు ఫొటోలనీ కాసేపు బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చి పక్కపక్కన పెడితే వెలుగునీడల తేడా, రంగు అడ్డు లేకుండా, చటుక్కున తెలిసిపోతుంది.

రెండో అభ్యంతరం గట్టిది. ఇదంతా సాఫ్ట్‌వేర్ ఒక బటన్‌తో చేస్తుంటే చేత్తో ఎందుకు? ఫొటోషాప్‌లో మ్యాచ్ కలర్ ఉంది, డావిన్చి రిజాల్వ్‌లో షాట్ మ్యాచ్ ఉంది, ఇప్పుడు కృత్రిమ మేధతో పనిచేసేవీ వస్తున్నాయి. వాటిని వాడొద్దని చెప్పడం నా ఉద్దేశం కాదు. అవి దేన్ని దేనితో కలుపుతున్నాయో తెలిసి వాడాలి. ఈ దారిలో అందరూ ప్రస్తావించే పద్ధతి 2001లో రైన్‌హార్డ్, మరో ముగ్గురు పరిశోధకులు ప్రచురించినది. ఒక బొమ్మలో రంగుల సగటు, ఆ సగటు చుట్టూ అవి ఎంత చెదిరి ఉన్నాయన్నది తీసుకుని, రెండో బొమ్మని ఆ రెండు లెక్కలకీ సరిపోయేలా సాగదీస్తారు. నాలుగు వాక్యాల్లో చెప్పగలిగే ఈ ఉపాయం ఆశ్చర్యపోయేంత బాగా పనిచేస్తుంది, రెండు బొమ్మల్లోనూ ఉన్న సరుకు ఒకే పాళ్లలో ఉంటే. పెళ్లి ఫొటోల్లో అదే ఉండదు. క్యాండిడ్ ఫ్రేమ్‌లో సగం ఎర్రచీర, ట్రెడిషనల్‌లో సగం ఆకులు, పూలు, తెల్లని పందిరి. వాటి సగటులు ఒకటి చేస్తే పందిరికి ఎరుపు అంటుకుంటుంది. ఆ రచయితలకీ ఈ సంగతి తెలుసు. పాళ్లు కుదరనప్పుడు రెండు బొమ్మల్లో సంబంధం ఉన్న ముక్కల్ని మనిషే ఎంచి చూపించాలని వాళ్లే చెప్పారు. చీర ముక్కకి చీర ముక్క, ఆకుకి ఆకు. అంటే తిరిగి తిరిగి వస్తువు దగ్గరికే వచ్చాం.

ఫొటోగ్రఫీకి దూరంగా కనబడే ఇంకో రంగంలో ఇదే పాఠం ఇంకా తేటగా ఉంటుంది. ఉపగ్రహ చిత్రాలు చూసేవాళ్లకి, మన హైదరాబాద్‌లోని నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ లాంటి చోట్ల, ఒకే నేలని వేరువేరు తేదీల్లో తీసిన చిత్రాల్ని పోల్చడం రోజువారీ పని. సూర్యుడి ఎత్తు మారుతుంది, గాలిలో తేమా దుమ్మూ మారతాయి, కాబట్టి రంగులు కలపందే పోలిక కుదరదు. గోదావరి డెల్టాలో వరి పచ్చగా ఉన్నప్పటి చిత్రాన్నీ, అదే చేను కోతకొచ్చి పండిన చిత్రాన్నీ తీసుకుని మొత్తం రంగుల లెక్క ఒకటి చేసేస్తే ఏమవుతుంది? పండిన చేను మళ్లీ పచ్చబడుతుంది. దేన్ని చూడటానికి రెండు చిత్రాలు తెప్పించామో దాన్నే చెరిపేసుకున్నట్టు. 1988లో షాట్, సాల్వాజియో, వోల్చాక్ అనే ముగ్గురు దీనికి చూపిన దారి, కాలంతో రంగు మారని వాటిని, అంటే రోడ్లు, కాంక్రీటు, ఇళ్ల పైకప్పులు, వీటిని మాత్రమే రెండు చిత్రాల్లోంచీ ఏరి, వాటి మధ్య లెక్క కట్టి, ఆ లెక్కని చిత్రమంతటికీ వర్తింపజెయ్యడం. పొలం మారితే మారినట్టే కనబడుతుంది, గాలి దుమ్ము వల్ల వచ్చిన తేడా మాత్రమే పోతుంది. మన మండపంలో ఆ రోడ్డు, ఆ కాంక్రీటు మధుపర్కమే. సన్నాయీ డోలూ ఒక శ్రుతికి కలుపుకున్నాక ఎవరి వాయిద్యం వారు వాయించినట్టు, ఆ ఒక్క చోటు కలిశాక ప్రతి ఫొటో తనలో ఉన్నదాన్ని తనలాగే చూపించగలుగుతుంది.

ఇంత చేసినా కలవనివి కొన్ని ఉంటాయి. అవి మీ చేతకానితనం కాదని తెలుసుకోవడం కూడా ఈ పద్ధతి ఇచ్చే లాభమే. మొదటిది ఫ్లాష్ చిక్కు. ట్రెడిషనల్ ఫొటోలో దంపతుల మీద పడ్డది ఫ్లాష్, వెనకున్న పందిరి మీద ఉన్నది 3000 కెల్విన్ బల్బులు. క్యాండిడ్‌లో అంతటా బల్బుల వెలుతురే. మధుపర్కం దగ్గర రెండింటినీ కలిపితే ట్రెడిషనల్‌లో పందిరి నారింజరంగుకి తిరుగుతుంది, పందిరి దగ్గర కలిపితే దంపతులు నీలమవుతారు. ఒకే దిద్దుబాటు రెండు వెలుతుర్లకి సరిపోదు. ముందున్నవాళ్లకీ వెనకటిదానికీ మాస్కులు గీసి విడిగా దిద్దాలి. అంతకన్నా తీసేటప్పుడే ఫ్లాష్ ముందు నారింజరంగు జెల్ కాగితం బిగిస్తే సమస్యే ఉండదు. చేతులు కాలాక మాస్కులు పట్టుకోవడం ఎందుకు? రెండోది ఎల్‌ఈడీల మినుకు. మన కరెంటు సెకనుకి 50 ఆవృత్తులు, దాని మీద నేరుగా నడిచే చవక లైట్లు సెకనుకి 100 సార్లు వెలిగి తగ్గుతుంటాయి. షట్టర్ 1/500 దగ్గర పెట్టి తీస్తే ఒక ఫ్రేమ్ వెలుగులోనూ ఇంకోటి మసకలోనూ పడి, వరస ఫొటోల్లోనే వెలుగూ రంగూ మారతాయి. 1/50 లేదా 1/100 పెడితే ప్రతి ఫ్రేమ్‌కీ పూర్తి ఆవృత్తి దొరుకుతుంది. మూడోది స్టేజీ మీది ఊదా, నీలం ఎల్‌ఈడీలు. వాటి వెలుతురులో మిగతా రంగులు దాదాపు లేనే లేవు. లేని కాంతిలో చర్మం ఏ రంగులో ఉండేదో ఏ సాఫ్ట్‌వేరూ కొలవలేదు, ఊహించి పూయగలదంతే. ఆ ఫొటోల్ని బ్లాక్ అండ్ వైట్ చేస్తే మర్యాదగా ఉంటాయి.

నాలుగోది పట్టుచీర. పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు ఉన్న డబుల్ షేడ్ పట్టు ఒక వైపు నుంచి చూస్తే నెమలికంఠం, ఇంకో వైపు నుంచి చూస్తే ఊదా. రెండు కెమెరాలు రెండు కోణాల్లో ఉన్నాయి, రెండూ నిజమే చెబుతున్నాయి. దాన్ని ఒకటి చెయ్యబోవడం నేతగాడి పనితనాన్ని చెరపడమే. మామూలు పట్టులోనూ సెన్సర్ల తేడా వల్ల ఒక కెమెరాకి ఊదాగా కనబడ్డ అద్దకం ఇంకోదానికి నీలంగా కనబడొచ్చు. సెన్సర్ ఫిల్టర్లు మన కంటి కణాల స్పందనతో అచ్చంగా సరిపోవు, అందువల్ల కంటికి ఒకటిగా కనబడే రెండు అద్దకాలు కెమెరాకి వేరుగా కనబడతాయి, అటుదిటు కూడా జరుగుతుంది. ఇక్కడ మధుపర్కం ఒక్కటే చాలదు. 1976 నుంచి వాడుకలో ఉన్న 24 గళ్ల కలర్ చెకర్ చార్టు ఇందుకే పుట్టింది. రెండు కెమెరాలతోనూ దాన్ని ఒకే వెలుతురులో తీసి, ఒక్కోదానికి ప్రొఫైల్ తయారుచేసి పెట్టుకుంటే, అలాంటి వెలుతురు ఉన్న ప్రతి పెళ్లికీ అదే పనికొస్తుంది. తేడా పూర్తిగా పోదు గానీ చాలా తగ్గుతుంది.

మూడో అభ్యంతరం రసికుల నుంచి వస్తుంది: రంగులన్నీ లెక్కప్రకారం కలిపేస్తే హోమం వెలుగులోని ఎరుపు ఏమైపోవాలి, అరుంధతీ నక్షత్రం చూపించేవేళ ఆకాశంలో నీలం ఏమైపోవాలి? కలపడమంటే వెలుతురు ఛాయని చంపెయ్యడం కాదు. హోమం దగ్గర తీసిన రెండు ఫొటోలూ ఒకే వెచ్చదనంలో ఉండాలన్నదే మన కోరిక, ఆ వెచ్చదనం ఎంతన్నది మీ ఇష్టం. సినిమాలకి రంగులు దిద్దే డీఐ గదుల్లో పని సాధారణంగా ఈ వరసలోనే నడుస్తుంది. ఒక సీన్‌లోని షాట్లన్నీ ముందు ఒకదానితో ఒకటి కలుపుతారు, ఆ తర్వాతే సీన్‌కి కావలసిన మూడ్ అద్దుతారు. తిరగేసి చేస్తే ఏ తేడా మూడ్‌దో, ఏది కెమెరాదో ఎవరికీ అంతుపట్టదు. ఇదే సందర్భంలో చర్మం గురించి ఒక మాట. కలపడం పేరుతో చామనఛాయ పిల్లని తెల్లగా చెయ్యడం మన స్టూడియోల్లో మామూలైపోయింది. అమెరికాలో ఒకప్పుడు ప్రింటింగ్ ల్యాబులు తెల్లజాతి మహిళ బొమ్మ ఉన్న షర్లీ కార్డుని కొలబద్దగా పెట్టుకుని రంగులు సరిచేసేవి, దాంతో నల్లవాళ్ల ముఖాలు ఫొటోల్లో చెడేవి. కొలబద్దని మనిషి చర్మం మీద పెడితే అలాగే జరుగుతుంది. మధుపర్కం మీద పెట్టండి, పిల్ల రంగు పిల్లకి ఉంటుంది.

చూసేవాళ్లు ఇంత పట్టించుకుంటారా అని ఆఖరి సందేహం. అన్నిచోట్లా పట్టించుకోరు, ఆ సంగతిని మీకు లాభంగా వాడుకోండి. రంగుల దూరాన్ని కొలవడానికి 1976లో ఖాయం చేసిన సీఐఈ ల్యాబ్ పద్ధతిలో తేడా ఒకటి రెండు పాయింట్లుంటే, రెండు రంగులూ ఆనుకుని ఉన్నప్పుడు జాగ్రత్తగా చూసే కన్ను పసిగడుతుంది. మధ్యలో ఖాళీ ఉంటే, పేజీ తిప్పవలసి వస్తే, అంతకు ఎన్నో రెట్లు తేడా ఉన్నా జ్ఞాపకం పట్టుకోలేదు. కాబట్టి ఆల్బమ్‌లో ముందు పేజీలు పరిచి, ఏ ఫొటోలు పక్కపక్కన పడతాయో తేల్చుకుని, ఆ జంటల మీదే సమయం పెట్టండి. రెండు కెమెరాల గడియారాలూ పెళ్లికి ముందే ఒకటి చేసి ఉంచితే ఒకే ఘడియ ఫొటోలు వెతకడం తేలిక. తెరని కాలిబ్రేట్ చేసి, 6500 కెల్విన్ తెలుపుకి పెట్టి, గదిలో రంగు బల్బులు ఆర్పి కూర్చోండి. ఒక జంట పూర్తయ్యాక కాసేపు తెర ముందు నుంచి లేవండి. ప్రింట్‌కి పంపే ముందు అలాంటి రెండు మూడు జంటల్ని ఒకే చిన్న షీటు మీద ల్యాబులో వేయించి, పగటి వెలుతురులో కిటికీ దగ్గర చూడండి. మధుపర్కాలు కలిసి చీరలు కలవకపోతే చార్టు ప్రొఫైల్ లేనట్టు, ముందున్నవి కలిసి పందిరి కలవకపోతే ఫ్లాష్ మాస్క్ అవసరమైనట్టు. డబుల్ షేడ్ చీరవి అప్పటికీ కలవకపోతే ఆ రెండు ఫొటోల్నీ వేరే పేజీలకి మార్చెయ్యండి.